బుద్ధుడు అమెరికా వెళ్తే అన్నం ఎవరు పెడతారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

రెండు వారాల కిందట మీ ఆదివారం పేజీల్లో అమెరికా బౌద్ధం మీద వచ్చిన వ్యాసం చదివాను. తెల్లవాళ్లు బుద్ధుణ్ణి తీసుకెళ్లి డ్రాయింగ్ రూములో బొమ్మగా పెట్టుకున్నారనీ, ధ్యానాన్ని ప్యాకెట్లు కట్టి అమ్ముకుంటున్నారనీ, అక్కడ ఉన్నది అసలు బౌద్ధమే కాదనీ వ్యాసకర్త గారు తేల్చేశారు. ఒకటి రెండు చోట్ల నేనూ నవ్వుకున్నాను, అబద్ధమెందుకు. కానీ చదవడం అయ్యాక మనసు కుదుటపడలేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైంది, కత్తిరించాలంటే మీ ఇష్టం, కానీ మధ్యలో వచ్చే పులిహోర సంగతి మాత్రం కత్తిరించకండి.

నేను గుంటూరు జిల్లాలో సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి కుటుంబం మసాచుసెట్స్‌లో వూస్టర్ దగ్గర ఉంటారు. మూడుసార్లు వెళ్లొచ్చాను, వెళ్లినప్పుడల్లా ఐదారు నెలలు. అంతకుముందే హైదరాబాద్‌లో నాగార్జునసాగర్ రోడ్డు మీదున్న ధమ్మఖేత్తలో విపశ్యన అనే బౌద్ధ ధ్యానం పది రోజుల కోర్సు చేశాను కాబట్టి, అక్కడ ఖాళీగా కూర్చున్నప్పుడు చుట్టుపక్కల ఏమున్నాయో వెతుక్కునేదాన్ని. తీరా చూస్తే నేను దిగింది మంచి చోటే. అమెరికాలో విపశ్యన నేర్పే కేంద్రాల్లో పేరున్నదొకటి ఉన్న బారీ ఊరు మాకు కారులో దగ్గరే, బర్మాలో విపశ్యన నేర్చుకుని లోకమంతా నేర్పిన గోయెంకా గారి పద్ధతిలో ఉత్తర అమెరికాలో మొదట పెట్టిన కేంద్రం ఉన్న షెల్‌బర్న్ అదే రాష్ట్రంలో పడమటి వైపు, ఇక ఇప్పుడు ప్రపంచమంతా చెప్పుకునే మైండ్‌ఫుల్‌నెస్ అనే ధ్యాన వైద్యం 1979లో పుట్టింది సాక్షాత్తూ వూస్టర్‌లోని మెడికల్ స్కూల్లోనే.

నా మాట ముందే చెప్పేస్తాను. బౌద్ధం ఒక కొత్త దేశంలో నాటుకుందో లేదో తెలుసుకోవాలంటే గుండూ కాషాయమూ చూడక్కర్లేదు, వంటింటి వైపు వెళ్లి అక్కడ ఎవరు ఎవరికి అన్నం పెడుతున్నారో చూస్తే చాలు. భిక్షువు వండుకోకూడదు, డబ్బు ముట్టుకోకూడదు, రేపటికని దాచుకోకూడదు, ఎవరో ఒకరు చేతికి అందిస్తేనే తినాలి. అంటే ఊరికి దూరంగా పోయి ముక్తి వెతుక్కుందామన్నా కుదరదు, తెల్లారేసరికి గిన్నె పట్టుకుని మళ్లీ ఊళ్లోకి రావలసిందే. ఊరివాళ్లు అన్నం పెడతారు, ఆయన ధర్మం చెప్తాడు, ఆయన నడత బాగోకపోతే మర్నాడు గిన్నెలో మెతుకు పడదు. ఈ ముడి ఉన్నచోట మిగతావి ఎంత మారినా నాకు బెంగ లేదు.

మార్పుల సంగతే తీసుకుందాం. అమెరికాలో ఒక బౌద్ధ సంస్థవాళ్లు తమ గుడిని చర్చి అంటారు, లోపల బెంచీలుంటాయి, పియానో వాయిస్తూ పాటలు పాడతారు, ఆదివారం పిల్లలకు ధర్మం క్లాసులు, పూజారిని రెవరెండ్ అని పిలుస్తారు అంటే మనకు నవ్వొస్తుంది. ఆ సంస్థ పేరే బుద్ధిస్ట్ చర్చెస్ ఆఫ్ అమెరికా, జపాన్ నుంచి కూలికీ వ్యవసాయానికీ వచ్చినవాళ్ల కోసం 1899లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైంది. అప్పట్లో దాని పేరు వేరు. రెండో ప్రపంచ యుద్ధంలో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేశాక అమెరికా ప్రభుత్వం వాళ్లు లక్షా ఇరవై వేల మంది జపాన్ సంతతివాళ్లను ఇళ్లలోంచి లేపి ముళ్లకంచెల వెనక్కి తోశారు, వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. బౌద్ధ పూజారులను మొదటి రోజుల్లోనే పట్టుకుపోయారు. ఆ పేరు మార్చుకున్నది 1944లో, యూటాలోని టోపాజ్ అనే నిర్బంధ శిబిరంలో ఉండి. మేమూ మీలాంటివాళ్లమే, మమ్మల్ని బతకనివ్వండి అని చెప్పుకోవడానికి చర్చి అన్న మాట తగిలించుకున్నారు. ఇదంతా తెలిశాక నాకు ఆ బెంచీల మీద నవ్వు రాలేదు.

ఇంగ్లండ్‌లో జరిగింది ఇంకో రకం. మనవాళ్లు ఈ కథ ఎందుకు చెప్పుకోరో నాకు అర్థం కాదు, ఎందుకంటే ఇది చివరికి మన అమరావతి దగ్గరికే వస్తుంది. థాయిలాండ్ అడవుల్లో ఉండే అజాన్ చా అనే పెద్ద భిక్షువు 1977లో లండన్ వచ్చారు, వెంట సుమేధో అనే అమెరికన్ శిష్యుడు. లండన్‌లో హ్యాంప్‌స్టెడ్ అనే పేటలో, ఎదురుగా ఒక పబ్బు ఉన్న ఇల్లు వాళ్లకు అక్కడి బౌద్ధులు ఇచ్చారు. అజాన్ చా తిరిగి వెళ్తూ సుమేధోను అక్కడే ఉండమని, రోజూ పొద్దున భిక్షకు వెళ్లమని చెప్పారు. ఎవరు పెడతారు? ఆ ఊళ్లో గిన్నె పట్టుకుని నడిచేవాణ్ణి చూస్తే పిచ్చివాడనో నాటకాల వాడనో అనుకుంటారు. అయినా రోజూ నడిచారు. నడుస్తుండగా ఒక రోజు పార్కులో కుక్కలతో జాగింగ్ చేస్తున్న ఒకాయన ఆగి మీరెవరని అడిగాడు. ఆయన బౌద్ధుడు కాదు. సస్సెక్స్‌లో పాడుబడిపోతున్న పాత అడవినొకదాన్ని బాగుచేద్దామని కొన్నాడట, తనొక్కడి వల్ల అయ్యే పని కాదని అప్పటికే తెలిసొచ్చింది. అడవిలో ఉండే సన్యాసులు అడవి లేకుండా తిరుగుతున్నారని తెలిసి ఆ అడవి మొత్తం ఉచితంగా ఇచ్చేశాడు. ఖాళీ గిన్నెలో అడవి పడింది! దాని పక్కనే చిథర్స్ట్ అనే చోట కప్పు కారే ఒక పాత బంగళా కొని 1979లో మఠం పెట్టారు.

ఆ తర్వాత 1980ల మధ్యలో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పెద్ద మఠం పెట్టినప్పుడు సుమేధో దానికి పెట్టిన పేరు అమరావతి. కృష్ణ ఒడ్డున ఉన్న మన అమరావతి పేరే. అణుబాంబుల భయం ఊపేస్తున్న రోజుల్లో చావులేని చోటు అనే అర్థం ఆయనకు నచ్చిందట. మన స్తూపం రాళ్లు వందకు పైగా లండన్ బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్నాయని మనం ఏడాదికోసారి బాధపడతాం, బాధపడాలి కూడా. కానీ అదే లండన్‌కి గంట దూరంలో అమరావతి అనే పేరుతో అన్నం పొయ్యి వెలుగుతున్న మఠం ఒకటి ఉందని మన పిల్లలకు పాఠం చెప్పిన నాకే రిటైరయ్యేదాకా తెలియదు. అక్కడ శిబిరాలకు ఫీజు లేదు, ఇచ్చినవాళ్లు ఇచ్చినంత. చలికి కాషాయం కింద ఉన్ని బనీన్లు తొడుక్కుంటారు, నెత్తిన టోపీ పెట్టుకుంటారు, భిక్షువుల నడవడికి పెట్టిన వినయ నియమాలు పుట్టిన గంగా మైదానంలో మంచు పడదు మరి. బనీను మార్చారు, గిన్నె మార్చలేదు.

ఇక పులిహోర సంగతి. మా అమ్మాయి ఇంటికి ముప్పావుగంట దూరంలో శ్రీలంక వాళ్ల విహారం ఒకటుంది. మామూలు ఇల్లే, గ్యారేజీని ధ్యానం హాలుగా మార్చుకున్నారు. ఒక శనివారం జూన్‌లో భిక్షువులకు భోజనం తీసుకెళ్దామని నేనే పట్టుబట్టాను. పులిహోర, ముద్దపప్పు, బెండకాయ వేపుడు చేసుకుని బయల్దేరేసరికే ఆలస్యం, పైగా మా మనవడు బూటు కనపడలేదని పావుగంట. దోవలో ట్రాఫిక్. భిక్షువులు మధ్యాహ్నం దాటాక తినరని నాకు తెలుసు కాబట్టి కారులో గడియారం చూసుకుంటూ నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. చేరేసరికి పన్నెండూ ఇరవై. వంటింట్లో ఉన్న శ్రీలంక ఆడవాళ్లు అయ్యో అన్నట్టు చూశారు. నేను గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను, మా అమ్మాయి "చెప్పానా అమ్మా" అంటోంది. అప్పుడు లోపల్నుంచి ఒక కుర్ర భిక్షువు, పాతికేళ్లుంటాయేమో, నవ్వుకుంటూ వచ్చి, "గడియారానికి పన్నెండు దాటిందమ్మా, సూర్యుడికి ఇంకా దాటలేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు, మా అల్లుడు విడమరిచి చెప్పాడు. అక్కడ ఎండాకాలంలో గడియారాలను గంట ముందుకు తిప్పుతారు కదా, దాంతో సూర్యుడు నిజంగా నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో పన్నెండూ ముప్పావు అవుతుంది. బుద్ధుడు చెప్పింది సూర్యుణ్ణి చూసి తినమని, అమెరికా ప్రభుత్వం గడియారాన్ని చూసి కాదు. పెద్ద భిక్షువు, ఆ కుర్రాయన కూర్చుని పన్నెండూ నలభైకల్లా తినేశారు, పులిహోర రెండోసారి వడ్డించుకున్నారు కూడా. పాతికవందల ఏళ్ల నాటి నియమాన్ని ఒక్క ముక్క మార్చకుండా పరాయి దేశంలో ఇలా నడిపించడం చూసి టీచరుగా నాకు భలే ముచ్చటేసింది. సర్దుకోవడం అంటే ఇదీ అనిపించింది.

అదే నెలలో ఇంకోచోట ఒకరోజు ధ్యాన శిబిరానికి వెళ్దామని వివరాలు చూస్తే ఫీజు చూసి నాకు కళ్లు తిరిగాయి, ఆ డబ్బుతో మా ఊళ్లో నెల రోజులు ఇల్లు గడుస్తుంది. పేరు చెప్పను. మీ వ్యాసకర్త కోపమంతా ఇలాంటి వాటి మీదే అయితే ఆయనతో నాకు పేచీ లేదు. కానీ అన్నిటినీ ఒక గాటన కట్టడం అన్యాయం. బారీలోని కేంద్రాన్ని 1976లో తెరిచినవాళ్లలో ముఖ్యులు జోసెఫ్ గోల్డ్‌స్టీన్, షారన్ సాల్జ్‌బర్గ్, జాక్ కోర్న్‌ఫీల్డ్ అని ముగ్గురు కుర్రవాళ్లు. మొదటి ఇద్దరూ బుద్ధగయలో గోయెంకా గారి దగ్గరా, మునీంద్ర అనే బెంగాలీ గురువు దగ్గరా నేర్చుకున్నవాళ్లు, మూడో ఆయన థాయిలాండ్‌లో అదే అజాన్ చా దగ్గర భిక్షువుగా ఉన్నవాడు. ఒకప్పుడు క్యాథలిక్ సన్యాసులకు శిక్షణ ఇచ్చిన భవనం అది, ముందు స్తంభాల పైన మెత్తా అనే పాళీ మాట రాసి ఉంటుంది, మైత్రి అన్నమాట. అక్కడ తిండికీ గదికీ డబ్బు తీసుకుంటారు, ఉన్నవాళ్లు ఎక్కువ, లేనివాళ్లు తక్కువ. నేర్పే గురువుకు మాత్రం ఎవరికి తోచింది వాళ్లు ఇవ్వాలి. మసాచుసెట్స్‌లో జనవరి అంటే ఏమిటో చూసినదాన్ని కాబట్టి, అంత పెద్ద భవనాన్ని వెచ్చగా ఉంచడానికి ఎంత ఖర్చవుతుందో ఊహించగలను. గోయెంకా గారి కేంద్రాల్లో అది కూడా తీసుకోరు, కోర్సు పూర్తిచేసినవాళ్లు తరవాత వచ్చేవాళ్ల కోసం ఇచ్చిపోతారు. నేను ధమ్మఖేత్తలో పది రోజులు తిన్నది నాకు ముందు ఎవరో కూర్చుని వెళ్లినవాళ్లు పెట్టిన అన్నం. భిక్ష గిన్నె తిరగని దేశంలో దాన్నే ఇంకో రూపంలో తిప్పడం ఇది, బుర్ర ఉన్నవాడి పని.

మరి ఆస్పత్రి ధ్యానం? జాన్ కబాట్-జిన్ గారు వూస్టర్‌లో మొదలుపెట్టినప్పుడు బుద్ధుడి పేరు కావాలనే పక్కన పెట్టారు, ఎందుకంటే ఆయన ముందున్నవాళ్లు డాక్టర్లు చేతులెత్తేసిన నొప్పులతో వచ్చిన రోగులు, వాళ్లకు మతం వద్దు, ఉపశమనం కావాలి. ఎనిమిది వారాల కోర్సు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషిగా నేను దాన్ని ఒక్క మాట అనను, మందును మందుగా ఇచ్చారు. చిక్కల్లా ఆ మందు ఆఫీసుల్లోకి వెళ్లాక మొదలైంది. మా అల్లుడి కంపెనీ వాళ్లు ఫోన్‌లో ధ్యానం యాప్ ఒకటి ఇచ్చారు, పని ఒత్తిడి తగ్గాలని. ఒత్తిడి పెట్టేదీ వాళ్లే, యాప్ ఇచ్చేదీ వాళ్లే! రోజూ పది నిమిషాలు కూర్చుంటే వరసగా ఎన్ని రోజులైందో అంకె చూపిస్తుంది. ఒకరోజు రాత్రి పదకొండున్నరకు ఆ అబ్బాయి మంచం మీంచి దబ్బున లేచి కూర్చున్నాడట, నలభై రోజుల లెక్క తెగిపోతుందని టెన్షన్. అబద్ధమాడొద్దు, మత్తు తాగొద్దు, ఒకరి పొట్ట కొట్టే పని చేయొద్దు అనే శీలం దాంట్లో ఎక్కడా లేదు, పక్కన కూర్చునే మనిషి లేడు, అన్నం పెట్టేవాడూ తినేవాడూ లేరు. బుద్ధం, ధర్మం, సంఘం మూడింట్లో రెండున్నర తీసేసి మిగిలిన అర ముక్క అది.

సంఘం తీసేస్తే ఏమవుతుందో పడమటివాళ్లు గట్టిగానే తెలుసుకున్నారు. జెన్ అనే బౌద్ధ శాఖ ధ్యానం నేర్పే శాన్‌ఫ్రాన్సిస్కో జెన్ సెంటర్‌ను జపాన్ నుంచి వచ్చిన షున్‌ర్యూ సుజుకి 1962లో స్థాపించారు, 1971లో పోయారు. ఆయన తర్వాత పీఠం ఎక్కిన అమెరికన్ గురువు నడత మీద 1983లో పెద్ద గొడవ అయి దిగిపోవలసి వచ్చింది. అదొక్కటే కాదు, ఆ రోజుల్లో ఇంకా చాలాచోట్ల గురువుల మీద ఇలాంటివే బయటపడ్డాయి. గురువును తెచ్చుకున్నారు గానీ గురువు చెవి మెలిపెట్టే సంఘాన్ని తెచ్చుకోలేదు. పాత పద్ధతిలో భిక్షువులంతా పక్షానికోసారి కూర్చుని 227 నియమాలూ వల్లె వేసి ఎవరు ఏది తప్పారో చెప్పుకోవాలి, ఎంత పెద్దవాడైనా సరే. దెబ్బ తిన్నాక అక్కడివాళ్లు చేసిన పని నాకు నచ్చింది: నడవడి నియమాలు కాగితం మీద రాసుకున్నారు, ఫిర్యాదు వస్తే వినే పద్ధతి పెట్టుకున్నారు, పీఠాధిపతికి ఇన్నేళ్లే అని గడువు పెట్టారు. గడువు ఉన్న పీఠాధిపతి! మన దగ్గర ఆశ్రమాల్లో ఈ మాట అని చూడండి, మిమ్మల్ని గేటు బయటికి పంపేస్తారు. ఈ విషయంలో వాళ్లు మన దగ్గర నేర్చుకోవలసింది లేదు, మనమే వాళ్ల దగ్గర నేర్చుకోవాలి.

ఆడవాళ్ల సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. శ్రీలంక, థాయిలాండ్ వాళ్లు పాటించే థేరవాద శాఖలో భిక్షుణీ సంఘం ఎప్పుడో తెగిపోయింది, మళ్లీ పుట్టించకూడదని చాలామంది పెద్దలు భీష్మించుకున్నారు. ఇంగ్లండ్‌లో చేరిన ఆడవాళ్లు ఊరుకోలేదు, వాళ్ల కోసం 1983లో శీలధర అనే దీక్ష పుట్టింది, పూర్తి భిక్షుణి కాదు గానీ గిన్నె, కాషాయం ఇచ్చారు. 2009లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో అజాన్ బ్రహ్మ్ నలుగురికి పూర్తి భిక్షుణీ దీక్ష ఇప్పిస్తే థాయ్ పెద్దలు ఆయన్ను తమ శాఖలోంచి తీసేశారు. ఇది అసలు బౌద్ధం కాదని అనేవాళ్లు ఒకసారి నాగార్జునసాగర్ వెళ్లి, పడవెక్కి, కొండ మీది మ్యూజియం చూసి రావాలి. ఆ ప్రాంతాన్ని ఏలిన ఇక్ష్వాకు రాజుల కాలంలో అక్కడ స్తూపాలకీ విహారాలకీ డబ్బు పెట్టినవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లే. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యం కట్టించి శాసనం వేయించింది. కాశ్మీరం, గాంధారం, చీనా, యవన దేశాల జనాన్ని ధర్మం వైపు తిప్పినవాళ్లు వీళ్లని ఆ శాసనంలో ఉంది. యవనులంటే ఆ రోజుల్లో పడమటివాళ్లు. అంటే పదిహేడు వందల ఏళ్ల కిందటే కృష్ణ ఒడ్డున ఒక గృహిణి, పడమటివాళ్లకు బౌద్ధం చెప్పిన పరదేశి సన్యాసులకు నీడ ఇచ్చి, అది గొప్పని రాతి మీద చెక్కించుకుంది. తెల్లవాళ్ల బౌద్ధం అంటే మనకు ఇప్పుడెందుకు ఇంత వెటకారమో!

అక్కడ నన్ను బాధపెట్టింది ఒకటుంది, మీ వ్యాసంలో అది లేదు. శ్రీలంక, థాయ్, వియత్నాం వాళ్ల గుళ్లలో పొయ్యి ఆరదు, పిల్లలు పరిగెత్తుతుంటారు, ముసలివాళ్లుంటారు, కానీ ధ్యానానికి కూర్చునేవాళ్లు కొద్దిమందే. తెల్లవాళ్ల ధ్యాన మందిరాల్లో అందరూ రాయిలా కూర్చుంటారు, గంట మోగగానే చెప్పులు తొడుక్కుని ఎవరి కారు వాళ్లు ఎక్కి వెళ్లిపోతారు. పక్కవాడి పేరు తెలియదు. పిల్లల్ని తేవద్దంటారు. రెండూ ఒకే ఊళ్లో ఉంటాయి, ఒకరి గడప ఒకరు తొక్కరు. నేను బారీ వైపు వెళ్లే ఒక పెద్దావిణ్ణి, తెల్లావిడే, మా పక్క వీధి, ఒక శనివారం మాతోపాటు విహారానికి తీసుకెళ్లాను. ఇరవై ఏళ్లుగా ధ్యానం చేస్తోందట, ఒక్కసారి కూడా భిక్షువుకు అన్నం పెట్టలేదట. గరిటె చేతికిస్తే చెయ్యి వణికింది. ఏం మాట్లాడలేదు, వచ్చేటప్పుడు కారులో కూడా మాట్లాడలేదు. మర్నాడు మా అమ్మాయికి ఫోన్ చేసి మళ్లీ ఎప్పుడు వెళ్తారని అడిగింది.

ఇప్పుడు నేను గుంటూరు వచ్చేశాను. నెలలో రెండో శనివారం మా అమ్మాయి, ఆ పెద్దావిడ కలిసి వెళ్తున్నారు. ఇక్కడున్నప్పుడు గుడికి రమ్మంటే తలనొప్పి అనే పిల్ల. మొన్న నవంబరులో ఫోన్ చేస్తే గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. "అమ్మా, తరవాత మాట్లాడతా, గడియారాలు వెనక్కి తిప్పేశారు, ఇప్పుడు సూర్యుడికి పదకొండున్నరకే మధ్యాహ్నం అయిపోతుందట, ఇంకా పోపు పెట్టలేదు" అని పెట్టేసింది.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
గుంటూరు